ఏది దేనికి చేసినాడో

మా నాయన పెద్దకడుబూరు దగ్గరి పల్లెలో చర్చి ఉపదేశి. ఫాదర్ రాని ఆదివారాల్లో ప్రార్థన నడిపేదీ, పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పేదీ ఆయనే. మిగతా దినాల్లో కూలి. ఆయన లెక్కలో ధర్మం చాలా సులువు. దేవుడు ప్రతిదాన్నీ ఒక పనికోసం చేశాడు, ఆ పనేమిటో చూసి తెలుసుకునే బుద్ధి మనిషికిచ్చాడు. తెలుసుకుని దానికి అడ్డం పడకుండా బతకాలి. సహజ ధర్మం అనే పేరు మాత్రం ఫాదర్ నేర్పింది, మిగతాదంతా మా నాయన సొంతం.

ఆ ధర్మమే నన్ను బడికి పంపింది. నా చిన్నప్పుడు మా వైపు పత్తి విత్తనం చేలల్లో క్రాసింగ్ పని జోరుగా ఉండేది. సాయంత్రం మొగ్గ ఒలిచి మగ భాగం తీసేయాలి, పొద్దున్నే ఇంకో పువ్వు పుప్పొడి తెచ్చి దానికి రుద్దాలి. ఈ పనికి ఆడపిల్లలంటే భలే గిరాకీ. ఒక రైతు మా ఇంటి ముందుకొచ్చి, "ఈ పాప వేళ్లు జూడప్పా, ఎంత సన్నగుండాయో. దేవుడు ఈ పనికే సేసినాడు" అన్నాడు.

మా నాయన ఆ రైతు చేలోనే కూలికి పోయేవాడు. అయినా లేచి నిలబడ్డాడు. "వేళ్లు సన్నగుండేది ఇంకా పిల్ల కాబట్టన్నా. పిల్ల ఉండేది ఎదిగేదానికి. నువ్వు వేళ్లు జూసినావు, పిల్లను జూడలేదు" అన్నాడు. ఆ ఏడంతా ఆయన్ను ఆ చేలోకి రానివ్వలేదు. చట్టం ఎక్కడో నిద్రపోతున్న రోజుల్లో, అక్షరం ముక్క రాని వాడికి కూడా అర్థమయ్యే ఒక్క మాట ఆ రైతును వెనక్కి పంపింది. నాకు ఆ మాటంటే గర్వం. ఇప్పటికీ గర్వమే, అదే నా ఖర్మ.

పెళ్లయ్యాక ఎమ్మిగనూరులో టీచరుగా కుదురుకున్నాను. మొదటి కాన్పు సిజేరియన్. రెండోదానికి ఆదోనిలో ఆసుపత్రిలో చేరితే డాక్టరమ్మ, "ఇదీ కోతే. ఇంకో కాన్పు నీ ఒంటికి మంచిది కాదు. పనిలో పనిగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేసేస్తాను, రేపటికల్లా ఏదో ఒక మాట చెప్పు" అంది. మా ఆయన గోడమీద పిల్లి. "మీ నాయన ఏమంటాడో అడుగు" అని టీ తాగడానికి పోయాడు.

నాయన ఆసుపత్రికి చూడ్డానికి వస్తే అడిగాను. "కుదరదమ్మా" అన్నాడు. "జబ్బుపడిన గర్భసంచి తీసేస్తే దోషం లేదు. బాగుండేదాన్ని సెడగొట్టగూడదు. కడుపు నిలవని దినాలు సూసుకోని నడుసుకోండి."

"అయితే సెడేదాకా కాసుకోని కూసోవాల్నా?"

నాకు నోరాగదు. "ఆ పొద్దు ఆయప్ప నా వేళ్లు జూసినాడు, నన్ను జూడలేదంటివి. ఈ పొద్దు నువ్వు నా గర్భసంచిని జూస్తాండావు. దాంట్లో నేను యాడుండాను నాయనా?"

నాయన అన్నాడు, "నాకు మాత్రం ఇష్టమా? పరాయోళ్లకు ఒకటి, నా కూతురికి ఒకటి సెప్తే, ఆ పొద్దు నేను సెప్పిందీ ఉత్తదైపోతాది."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన చెప్పింది నిజం కావడం వల్ల ఇంకా మండింది. కూతురి కోసం వంగే ధర్మమైతే ఆనాడు రైతు ముందు నిలబడి ఉండేదే కాదు. కానీ ఒకదాన్ని చూసి ఇది ఇందుకే పుట్టిందని చెప్పడం ఎవరికైనా వచ్చు, రైతుకూ వచ్చింది. చూపు అవయవం దగ్గరే ఆగిపోతే మనిషి కనపడదు. ఇంత వాదన కడుపులో పెట్టుకుని కూడా, నా చదువుకు దారి చూపిన మాటను కాదని ఆపరేషన్ చేయమని అనలేకపోయాను. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. డాక్టరమ్మకు వద్దని చెప్పాను.

దినాలు చూసుకుంటూనే వచ్చాం. క్యాలెండర్ సంగతి గోడకు తెలుసు గానీ ఒంటికి తెలియదు కదా. మూడో కడుపు నిలిచింది, ఇప్పుడు ఏడో నెల. పోయిన వారం ఆదోనిలో స్కానింగ్ చేసి, బిడ్డ మాయ గర్భసంచి మీది పాత కోతలోకి పాతుకుపోయిందన్నారు. బిడ్డను తీసేటప్పుడే గర్భసంచి కూడా తీసేయాలట. రక్తం ఆగకపోతే ఏమీ చెప్పలేమట. కర్నూలు పెద్దాసుపత్రికి పొమ్మన్నారు. అప్పట్నుంచీ నాకు భయంగా ఉంది. తినబోతే భయం, పిల్లలకు జడలేస్తుంటే భయం.

కబురు తెలిసి నాయన వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోకుండా నా మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. "గర్భసంచి తీపిచ్చుకోమ్మా" అన్నాడు. "ఇప్పుడు దోషం లేదు. ఇప్పుడు అది జబ్బు..." ఆ మాట పూర్తి చేయలేక తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

ప్రాణమున్న ప్రతిదీ బతకాలనుకుంటుంది, దేవుడు పెట్టిన మొదటి ధర్మం అదే అని జ్ఞానోపదేశంలో పిల్లలకు చెప్పేది ఆయనే.

"నాకు బతకాలనుంది నాయనా" అన్నాను.