తెగాల్సిన బోల్టు

1996లో తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రోడ్డు పక్కన నా షెడ్డు ఉండేది. ట్రాక్టర్ మెకానిక్‌గా అప్పటికి పన్నెండేళ్ల అనుభవం, దానికి రెట్టింపు గర్వం. మా వైపు పొలాల్లో దమ్ముకి రోటావేటర్లు దిగడం మొదలైన రోజులవి. ట్రాక్టర్ వెనక తగిలించే ఈ పరికరానికి వంకర కత్తులుంటాయి. అవి గిర్రున తిరుగుతూ నీళ్లు పెట్టిన మడిని మెత్తగా బురద చేసేస్తాయి. ఇంజను బలాన్ని దానికి అందించే కడ్డీ పేరు పీటీవో షాఫ్ట్. ఆ షాఫ్ట్ రోటావేటర్ గేర్ బాక్స్‌ని కలిసేచోట వేలంత బోల్టు ఒకటి ఉంటుంది, అదే షియర్ బోల్టు. కత్తులకి మొద్దో రాయో అడ్డం పడితే ముందు అది తెగుతుంది, గేర్ బాక్స్ బతికిపోతుంది. తెగడమే దాని ఉద్యోగం. ఈ సంగతి రైతుల్ని ఒప్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చేది.

ఆగస్టులో ఒక పొద్దున షెడ్డు తలుపులు తీస్తుండగానే రత్నం మాస్టారు వచ్చారు. రేపల్లె అవతల ఒక పల్లెలో బడిపంతులుగా రిటైరై, ట్రాక్టరూ రోటావేటరూ కొనుక్కుని, తన మూడెకరాలు తానే దున్నుకుంటున్న పెద్దమనిషి ఆయన. ఆ రోటావేటర్ బిగించి ఇచ్చింది నేనే. ఇస్త్రీ చొక్కా నలగకుండా వచ్చి, చేతిలో బిస్కెట్ల డబ్బాని నా బల్ల మీద బోర్లించారు. అన్నీ తెగిన బోల్టు ముక్కలే.

“నిన్న ఒక్కరోజులో తొమ్మిది, మస్తానూ. అన్నీ నువ్విచ్చినవే.”

“తెగితే మంచిదేనండి మాస్టారూ. గేర్ బాక్స్‌ని కాపాడాయి.”

“మరి నా పంటనెవరు కాపాడతారు? నారు పీకించేశాను. కట్టలు గట్టు మీదున్నాయి. రేపు పొద్దున నాట్లకి ఆడాళ్లు దిగుతారు. దమ్ము చూస్తే సగం కూడా అవ్వలేదు.”

పీకిన నారు ఎక్కువ ఆగదు, వాడిపోతుంది. మళ్లీ నారు పోసుకుందామంటే అదను దాటిపోయింది. మాస్టారి ఇంట్లో ఆ ఏడు పంట ఉంటుందో లేదో ఆ సాయంత్రంలోగా తేలాలి.

“మడిలో ఏమైనా అడ్డం పడుతోందా అండి?” అనడిగాను.

ఆయన మొహం చిట్లించారు. “నల్లరేగడయ్యా మాది. వెన్నలా ఉంటుంది. అందులో అడ్డమేంటి? నీ బోల్టులే మైనపువి.”

మైనపువి అనేసరికి నాకు ఎక్కడో కాలింది. అసలే ముక్కు మీద కోపం. లోపలికెళ్లి, తల మీద 8.8 అని గుర్తున్న హైటెన్సిల్ బోల్టు తెచ్చాను. లారీలకి వేసే గట్టి రకం అది.

“ఇది తెగదండి. తీసుకెళ్లండి.”

“ఇదీ మాటంటే,” అని మాస్టారు సంతోషంగా బస్సెక్కేశారు.

కోపం దిగడానికి నాకు పావుగంట పట్టింది, దిగాక భయం ఎక్కింది. బోల్టు తెగకపోతే ఆ దెబ్బ గేర్ బాక్స్ లోపలి పళ్ల మీద పడుతుంది. అవి పోతే సామాను బెజవాడ నుంచి రావాలి. ఎంత లేదన్నా వారం. నా పౌరుషం కోసం ఒక పెద్దాయన నోటికాడ కూడు తీసేశానే అనిపించింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదని షెడ్డు మూసేసి, పనిముట్ల సంచిలో గుప్పెడు మెత్తని బోల్టులు వేసుకుని మోపెడ్ ఎక్కాను. రేపల్లె దాకా నన్ను నేను తిట్టుకుంటూనే వెళ్లాను.

నేను చేరేసరికి ట్రాక్టర్ మడి మధ్యలో నల్లటి పొగ కక్కుతూ మూలుగుతోంది. ఎంత అరిచినా మాస్టారికి వినపడలేదు. ప్యాంటుతోనే మడిలో దిగి, మూడో అడుగుకే బోర్లా పడ్డాను. గట్టు మీద నారు కట్టలు సర్దుతున్న ఆడవాళ్లు గొల్లున నవ్వారు.

“నాట్లు రేపు కదా తమ్ముడూ, ఇయ్యాలే దిగావేంటి?” అంది వాళ్ల ముఠా పెద్ద దేవమ్మ.

వాళ్లందరూ చేతులూపితే మాస్టారు చూసి బండి ఆపారు. “తెగలేదయ్యా నీ బోల్టు,” అన్నారు గర్వంగా.

రోటావేటర్‌ని పైకి లేపించి, కింద మొద్దు పెట్టించి, ఇంజను ఆపించి, తాళం నా జేబులో వేసుకున్నాను. కత్తుల దగ్గర చెయ్యి పెట్టాలంటే తాళం నా దగ్గరుండాల్సిందే. గేర్ బాక్స్ ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంది. బకెట్టుతో నీళ్లు కొట్టి బురద కడిగేసరికి, కత్తుల మధ్య తొడంత లావున నీలం నైలాన్ వల చుట్టుకుని కనిపించింది. దాంట్లో ఇరుక్కుని సరుగుడు గుంజ ముక్క కూడా ఉంది.

“మాస్టారూ, వరి మడిలో వలేంటండి?”

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ కాలువ వైపు చూడసాగారు. గట్టు మీద నుంచి ఆయన భార్య కరుణమ్మగారు అందుకున్నారు.

“చెప్పండి. రొయ్యలేశాం, పోయాయి అని చెప్తే మీ పింఛను ఆపేస్తారా?”

ఆ రోజుల్లో మా వైపు మడులు తవ్వి రొయ్యల చెరువులు చేయడం జ్వరంలా పాకింది. ఊరందరికీ వద్దని చెప్పిన మాస్టారే చివరికి తానూ చెరువు తవ్వారట. తెగులొచ్చి రొయ్యలన్నీ చచ్చాయి. పక్షులు రాకుండా చుట్టూ కట్టిన వలనీ, గుంజల్నీ పీకించకుండానే గట్లు లోపలికి తోయించి, చదును చేయించేశారట.

“రోజూ దాన్ని చూడలేకపోయానయ్యా,” అన్నారు మెల్లగా. “పొద్దున నువ్వడిగినప్పుడు చెప్పడానికి నోరు రాలేదు.”

ఆ మాటకి ఆయన మీద జాలేసింది, నా మీద నాకు సిగ్గేసింది.

“నాదీ తప్పేనండి. ఆ బోల్టు మీకివ్వకూడదు. కోపంలో ఇచ్చాను. ఇంకాసేపు తోలితే గేర్ బాక్స్ పోయేది.”

మాస్టారు కళ్లద్దాలు పెట్టుకుని నన్ను ఎగాదిగా చూశారు. “అయితే ఇద్దరికీ సున్నాయే,” అన్నారు.

తర్వాతి పనంతా ఆడవాళ్లదే. దేవమ్మ కొడవలితో వల కోసి ఊడదీసింది. మిగతావాళ్లు దమ్ము కాని చెక్కలో వరసగా దిగారు. బురదలో అరికాళ్లతో తడుముకుంటూ, తగిలిన వలనల్లా లాగుతూ, గుంజల్ని పీకుతూ నడిచారు. బురదలో ఏముందో వాళ్ల కాళ్లకి తెలిసినట్టు నా పనిముట్లకి తెలియదు.

“ఇంత వల లాగాం. ఒక్క రొయ్యన్నా పడలేదేంటి మాస్టారూ?” అంది దేవమ్మ.

అందరికంటే ముందు మాస్టారే నవ్వారు. కరుణమ్మగారైతే నవ్వుతూనే కొంగుతో కళ్లొత్తుకున్నారు.

ఈలోగా నేను గట్టి బోల్టు కొట్టి తీసేసి, మెత్తనిది వేశాను. తెగితే ఏం చేయాలో మాస్టారికి చూపించాను. కన్నంలో మిగిలిన ముక్కని ముందు కొట్టి తీసెయ్యాలి, రెండు కన్నాలూ సూటిగా కలపాలి, అదే సైజు మెత్తని బోల్టు వేసి నట్టు బిగించాలి. ఆయన శ్రద్ధగా చూశారు. పొద్దు వాలేసరికి మూలన ఇంకో పది సెంట్లు మిగిలిందనగా, ఎవరికీ తగలని గుంజ ఒకటి కత్తులకి తగిలి బోల్టు ఠప్పుమంది. నేను గట్టు దిగబోతే మాస్టారు చెయ్యెత్తి ఆపారు. తానే దిగి, తాళం జేబులో వేసుకుని, పది నిమిషాల్లో మార్చేసి, తెగిన ముక్క నాకు చూపించారు.

“తెగింది మస్తానూ,” అన్నారు, లెక్క తప్పకుండా చేసిన పిల్లాడిలా.

మర్నాడు నాట్లు పడ్డాయి. ఆ పంట ఇంటికొచ్చింది.

ఆ తర్వాత నా షెడ్డుకి ఏ బండి వచ్చినా ముందు దానికి చెయ్యి తగిలించడం మానేశాను. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, టీ చెప్పి, బండి ఊసెత్తకుండా పొలం కబుర్లు అడిగేవాణ్ణి. గ్లాసు సగమయ్యేసరికి చాలామంది గొంతు తగ్గించి, “అసలు సంగతేంటంటే మస్తానూ,” అని మొదలెట్టేవారు. నేనప్పుడు పానా తీసేవాణ్ణి.