సీజన్ అయ్యాకే ఆపరేషన్

ఆదివారం ఆట మధ్యాహ్నం ఒంటిగంటకి మొదలవుతుంది. మా తెలుగు ఆరాధన కూడా ఒంటిగంటకే. ఇందులో ఎవరి కుట్రా లేదు. న్యూజెర్సీలో పార్సిప్పనీ దగ్గర మేం అద్దెకి తీసుకున్న చర్చి అమెరికన్లది. వాళ్ళు పొద్దున్న పదింటికి మొదలుపెట్టి, పదకొండుకల్లా ముగించి, కాఫీ తాగి వెళ్ళిపోతారు. ఆ తర్వాత మేం వస్తాం. వాళ్ళు గంటలో కానిచ్చే పని మాకు మూడు గంటలు పడుతుంది, ఆపైన భోజనాలు. అందుకని బేస్‌బాల్ పిచ్చి ఉన్న నాలాంటిదానికి ఆదివారం ఆట చూసే అవకాశమే లేదు.

ఈ పిచ్చి ఆఫీసు వాళ్ళు ఊరికే ఇచ్చిన టికెట్‌తో పట్టుకుంది. మా టీమ్ పేరు చెప్పను, చెబితే నవ్వుతారు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని, పొద్దస్తమానం తప్పులు పట్టడం నా ఉద్యోగం. సాయంత్రం ఇంటికొచ్చి టీవీ పెట్టుకుంటే అక్కడా అదే పని దొరికేది. మా ఆయన క్రికెట్ మనిషి. "రోజూ ఓడిపోయేవాళ్ళని చూడ్డానికి సబ్‌స్క్రిప్షన్ కట్టేది న్యూజెర్సీ మొత్తం మీద నువ్వొక్కదానివే" అని దెప్పిపొడిచేవాడు.

నేనొక్కదాన్నే కాదని చర్చి వరండాలో తెలిసింది. అక్కడ తలుపు పక్కన కుర్చీ వేసుకుని, చిన్న రేడియో చెవి దగ్గర పెట్టుకుని ఒక అమెరికన్ పెద్దాయన కూర్చునేవారు. స్కూల్ బస్సు నడిపి రిటైరైన మనిషి, భార్య పోయారు. బయటివాళ్ళు బిల్డింగ్‌లో ఉన్నంతసేపూ తమ సభ్యుడొకరు ఉండి తీరాలని ఆ చర్చి కమిటీ నియమం. ఆయనే మాకు తలుపులు తీసి, మేం వెళ్ళాక తాళం వేసేవారు. పేరు పెట్టి పిలవమని ఆయన ఎంత మొత్తుకున్నా మాకు నోరు రాలేదు. పిల్లలతో పాటు మేమూ అంకుల్ అనేవాళ్ళం.

ఒక ఆదివారం భోజనం ప్లేటు ఇవ్వడానికి వెళ్ళి, రేడియోలో మా టీమ్ పేరు విని, "ఎంత?" అని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూశారు. చీర కట్టుకుని, చేతిలో బైబిలూ బిర్యానీ పట్టుకున్న మనిషి స్కోరు అడుగుతుందని ఆయన అనుకోలేదు. "అడక్కు" అన్నారు. ఆ ఒక్క మాటతో మా స్నేహం కుదిరింది. మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషులోనే అయినా, ఆయన విసుక్కునే తీరు అచ్చం మా బాబాయిదిలా ఉండేది కాబట్టి నాకు ఆయన మాటలు తెలుగులోనే గుర్తున్నాయి.

ఆ వేసవి మా టీమ్‌కి పట్టిన పీడ మామూలుది కాదు. బంతి విసిరేవాళ్ళలో అందరికన్నా మంచివాడికి మోచెయ్యి పోయింది. ఇంకొకడికి పిక్క పట్టేసింది. ఒకడు తుమ్మితే పక్కటెముకల దగ్గర కండరం చిట్లింది. మరొకడు హోటల్లో సూట్‌కేస్ ఎత్తుతూ నడుం పట్టేసుకున్నాడు. దెబ్బ తగిలినవాళ్ళని జట్టులోంచి తీసి ఒక జాబితాలో పెడతారు, వాళ్ళ బదులు కింది లీగ్‌లోంచి కుర్రాళ్ళని పిలిపిస్తారు. ఆగస్టుకల్లా మైదానంలో ఉన్నవాళ్ళలో సగం మంది మొహాలు నాకు కొత్త. నాకైతే ఒళ్ళు మండిపోయేది. కోట్ల జీతాలు తీసుకుంటూ తుమ్మడం కూడా చేతకాదా అని టీవీ ముందు నిలబడి తిట్టేదాన్ని. ఆదివారం అంకుల్ దగ్గర మిగతా తిట్లు పూర్తి చేసేదాన్ని.

తిట్టడంలో ఆయన నాకన్నా నాలుగాకులు ఎక్కువే చదివారు. అయితే ఆయన కుర్చీలోంచి లేవడం చూస్తే నాకు గుండె తరుక్కుపోయేది. ఒక చెయ్యి గోడకి, ఒక చెయ్యి కుర్చీకి ఆనించి, పెదవి కొరుక్కుంటూ లేచేవారు. తుంటి ఎముక అరిగిపోయింది. మార్చాలని డాక్టర్ ఎప్పుడో చెప్పాడు. ఇంకా ఆలస్యం చేస్తే ఆ కాలితో నడిచే ఆశ వదులుకోవాలన్నాడట.

"మరి ఎందుకు చేయించుకోరు?" అన్నాను.

"సీజన్ అయ్యాకే. ఆపరేషన్ అయ్యాక వర్జీనియాలో మా అమ్మాయి ఇంట్లో ఉండాలి. అక్కడి రేడియోలో మన ఆటలు రావు."

"ఫోన్‌లో వస్తాయి అంకుల్."

"ఫోన్‌లో వినేది ఆట కాదు" అన్నారు. "అయినా టీమ్ ఇంత చెడ్డగా ఉన్నప్పుడు వదిలేసి పోకూడదు."

పిక్క పట్టేసినవాణ్ణి తిట్టే మనిషి తన కాలు సంగతి ఇలా గాలికొదిలేయడం నాకు నచ్చలేదు. ఆ వారం ప్రార్థన విన్నపాలు చెప్పమని పాస్టర్ గారు అడిగినప్పుడు లేచి, అంకుల్ తుంటి కోసం ప్రార్థించమన్నాను. మా సంఘంలో ఇలాంటివాటికి బందరు ఆంటీ ఉన్నారు. ఆవిడ ప్రార్థన చేస్తే మైకు అక్కర్లేదు. "వరండాలో ఉన్నాయనకి ఇక్కణ్ణుంచి చేస్తే ఏం బాగుంటుంది అమ్మాయ్, లోపలికి తీసుకురా" అన్నారు.

అంకుల్ ససేమిరా అన్నారు. చివరికి నా పోరు పడలేక వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. అందరూ చుట్టూ నిలబడి ఆయన మీద చేతులు పెట్టేసరికి పాపం బిక్కచచ్చిపోయారు. ముఖ్యంగా దేని కోసం ప్రార్థించాలని పాస్టర్ గారు ఇంగ్లీషులో అడిగారు. తన తుంటి గురించి ఇంతమందిలో మాట్లాడలేక, "నాకేం ఫర్వాలేదు. మా ఎడమచేతి పిచర్ మోచెయ్యి కోసం చేయండి, ఆ కుర్రాడికి చాలా అవసరం" అన్నారు.

పిచర్ అంటే బంతి విసిరేవాడని అక్కడ నాకు తప్ప ఎవరికీ తెలియదు. మనవడేమో అనుకున్నారు. బందరు ఆంటీ అందుకున్నారు. ఆ ఎడమచేతి బిడ్డ మోచెయ్యిని ముట్టమని, వాడి ఉద్యోగం పోకుండా కాపాడమని, ఇన్సూరెన్స్ కంపెనీవాళ్ళ మనసు మెత్తబరచమని, వీసా ఇబ్బందులేమైనా ఉంటే తొలగించమని, దూరాన ఉన్న వాడి తల్లిని ఓదార్చమని కన్నీళ్ళతో వేడుకున్నారు. నాకు నవ్వాగక కొంగు నోట్లో కుక్కుకున్నాను. తెలుగు ఒక్క ముక్క రాకపోయినా అంకుల్ కళ్ళు మూసుకుని శ్రద్ధగా విన్నారు.

అక్కడితో ఆగలేదు. ఆ మరుసటి ఆదివారం నుంచి ఆంటీ వరసపెట్టి అడిగేవారు, ఆ బిడ్డకి ఎలా ఉందని. ఎవరు వండిపెడుతున్నారని. ఒకసారి ఆ బిడ్డకని చికెన్ పచ్చడి సీసా తెచ్చి అంకుల్ చేతిలో పెట్టారు. అంకుల్ అది ఎవరికి పంపాలో తెలియక తనే తిన్నారు. ఇక నావల్ల కాక అసలు సంగతి, జీతంతో సహా, ఆంటీకి చెప్పేశాను.

"అంత జీతమా?"

"అవునండి."

"పోన్లే, కోట్లొచ్చినా మోచెయ్యి మోచెయ్యేగా. నొప్పి నొప్పే" అని ప్రార్థన కొనసాగించారు. మోచెయ్యి మాత్రం బాగవలేదు. డాక్టర్లు కత్తి పెట్టారు, వచ్చే ఏడాదిదాకా ఆడడన్నారు. సెప్టెంబరు మొదట్లోనే మా టీమ్‌కి లెక్కల ప్రకారం ఇక ఏ ఆశా లేదని తేలిపోయింది. ఆ నెలాఖరుకి సీజన్ అయిపోయింది.

అంకుల్‌కి సాకు కూడా అయిపోయిందని నేను సంబరపడ్డాను. డేట్ బుక్ చేశారా అని అడిగితే, "థాంక్స్ గివింగ్ కానీ" అన్నారు. తర్వాతి వారం అడిగితే క్రిస్మస్ అన్నారు. ఇప్పుడు రేడియో కూడా లేదు. ఊరికే ఆ కుర్చీలో మూడు గంటలు కూర్చుంటున్నారు. కుర్చీలోంచి లేవడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వస్తోంది.

అక్టోబరులో ఒక ఆదివారం ఆయన కూతురు వర్జీనియా నుంచి వచ్చింది. నా వయసే ఉంటుంది. పార్కింగ్ లాట్‌లో నన్ను చూసి, "మా నాన్నకి భోజనం తెచ్చేది మీరేనా?" అని అడిగింది. అవునన్నాను. కోపం అణచుకుంటూ మాట్లాడింది. "రెండుసార్లు డేట్ తీసుకుని రెండుసార్లూ కాన్సిల్ చేశారు. ఆపరేషన్ అయితే మూడు నెలలు రాలేరట. ఆదివారం మధ్యాహ్నాలు ఉండడానికి వాళ్ళ సంఘంలో ఇంకెవరూ ఒప్పుకోలేదట. నేను వెళ్ళిపోతే ఆ ఇండియా వాళ్ళకి తలుపు తీసేదెవరు అంటారు."

నేను కారుకి ఆనుకుని నిలబడిపోయాను. బేస్‌బాల్ కోసం కాలు పాడు చేసుకుంటున్నారని ఈ మనిషిని వేసవంతా ఆటపట్టించాను. ఆయన కూర్చున్నది మా కోసం. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. ఆ అమ్మాయి కంగారుపడి తన పర్సులోంచి టిష్యూ తీసి ఇచ్చింది.

ఆ రోజు భోజనాల దగ్గర విషయం బయటపెట్టాను. వేరే హాలు చూసుకుందామని ఒకరన్నారు. స్కూలు కెఫెటీరియా అడుగుదామని ఇంకొకరన్నారు. బందరు ఆంటీ పెరుగన్నం కలుపుతూ, "తలుపు తియ్యడానికి వాళ్ళ మెంబరు కావాలి, అంతేగా? మనలో ఒకళ్ళు వాళ్ళ మెంబరైపోతే సరి" అన్నారు. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. నాకేసి చూశారు. "నువ్వు ఇంగ్లీషు బాగా మాట్లాడతావు. ఆయనతో నీకు మాటలున్నాయి. ఇంకేం కావాలి?"

పాస్టర్ గారు కాసేపు గడ్డం నిమురుకుని, ఇందులో తప్పేం కనబడట్లేదన్నారు. మా ఆయన మాత్రం, "రోజూ ఓడిపోయే టీమ్ చాలక ఇంకో టీమ్‌లో కూడా చేరతావా?" అన్నాడు. మరుసటి ఆదివారం నుంచి పొద్దున్న పదింటికి వాళ్ళ ఆరాధనకి, ఒంటిగంటకి మా ఆరాధనకి వెళ్ళడం మొదలుపెట్టాను. కొత్త సభ్యుల క్లాసులో విద్యార్థిని నేనొక్కదాన్నే. వాళ్ళ ప్రార్థనలు ఎంత నెమ్మదిగా ఉంటాయంటే, ఎవరి కడుపు ఆకలితో గుర్రుమన్నా హాలంతా వినిపిస్తుంది. నవంబరు ఆఖరులో నన్ను ముందుకి పిలిచి, చేయి కలిపి, సభ్యురాలిగా చేర్చుకున్నారు. కాఫీ దగ్గర అంకుల్ వచ్చి, "కింది లీగ్ నుంచి నిన్ను పైకి పిలిచారన్నమాట" అన్నారు.

"మీరు జాబితాలోకి ఎక్కండిక" అన్నాను.

డిసెంబరులో ఎక్కారు. ఆపరేషన్ బాగానే జరిగిందని కూతురు మెసేజ్ పెట్టింది. మా సంఘంలో ఆ నెలంతా ఆయన తుంటి కోసం గొలుసు ప్రార్థన నడిచింది, పూటకొకరు చొప్పున. తలుపు తీసే పనిలో నాకు తెలిసొచ్చినవి చాలా ఉన్నాయి. హీటర్ ఎప్పుడు వేయాలో, ఏ బాత్రూమ్ కుళాయి కారుతుందో, పిల్లలు ఎక్కడ దాక్కుంటారో. అందరూ వెళ్ళిపోయాక ఆ హాల్లో సాంబారు వాసన పోవడానికి కిటికీలు తెరిచి చలిలో ఎంతసేపు నిలబడాలో. ఇన్నేళ్ళు ఆయన నోరెత్తకుండా అవన్నీ చేశారని తలుచుకుంటే సిగ్గేసేది. ఆయన వారం వారం ఫోన్ చేసి, హీటర్ ఆపావా అని అడిగేవారు. నడుస్తున్నారా అంటే ఫిజియోథెరపీ అమ్మాయిని తిట్టేవారు.

కొత్త సీజన్ మొదలయ్యాక, ఏప్రిల్‌లో, ఒక ఆదివారం మధ్యాహ్నం కూతురు కారులో వచ్చారు. చేతికర్ర ఉంది. మెట్లు ఒక్కొక్కటీ ఎక్కుతుంటే మావాళ్ళంతా ఆరాధన ఆపేసి తలుపు దగ్గర మూగారు. బందరు ఆంటీ స్తోత్రం, స్తోత్రం అంటూనే ఉన్నారు. తన పాత కుర్చీ చూపిస్తే అంకుల్ తల అడ్డంగా ఊపారు. "అది నీది. మీ మూడు గంటలూ బయటినుంచి విన్నాను, ఇవాళ లోపల కూర్చుంటాను" అని వెళ్ళి వెనక వరసలో కూర్చున్నారు. పాస్టర్ గారి ప్రసంగం సగంలో ఉండగా నిద్రపోయారు.

నేను వరండాలో కూర్చుని ఫోన్‌లో ఆట పెట్టుకున్నాను. మూడో ఇన్నింగ్స్‌లో, ఆపరేషన్ అయ్యి ఆ వారమే తిరిగి వచ్చిన మా ఎడమచేతి పిచర్ బంతి విసిరి, మోచెయ్యి పట్టుకుని మైదానంలోంచి వెళ్ళిపోయాడు. నోటికొచ్చినట్టల్లా తిట్టుకున్నాను, తెలుగులోనే, మెల్లిగా. ఆటలో చిత్తుగా ఓడాం.

భోజనాల దగ్గర అంకుల్ నా పక్కన కూర్చుని ఎంత అని అడిగారు. ఇంకా చూడలేదని అబద్ధమాడాను. తింటున్న మనిషికి చెడ్డ కబురు చెప్పడం మా ఇంట్లో అలవాటు లేదు. ఆయన బిర్యానీ తిన్నారు, పెరుగు తిన్నారు, ఆంటీ కొసరి వడ్డించిన సేమ్యా పాయసం తిన్నారు. ప్లేటు పక్కన పెట్టి చెయ్యి తుడుచుకున్నాక అప్పుడు చెప్పాను. మోచెయ్యి మళ్ళీ పోయిందని.

"మళ్ళీనా" అని ఆయన ఒక్క ఉదుటున లేచి నిలబడ్డారు. వేలు చూపిస్తూ, ఆ కుర్రాణ్ణి, వాడి డాక్టర్ని, కోచ్‌ని, యజమానిని వరసపెట్టి దులిపేశారు. బల్ల చివరిదాకా నడిచి, తిరిగి వచ్చి, మళ్ళీ నడిచారు. చేతికర్ర కుర్చీకి ఆనించి అక్కడే ఉంది. లేచేటప్పుడు ఆయన గోడనీ పట్టుకోలేదు, కుర్చీనీ పట్టుకోలేదు. ఆ సంగతి ఆయనకి తట్టలేదు. బల్లకి అవతల కూర్చున్న ఆయన కూతురు నా వైపు చూసింది, నేను ఆమె వైపు చూశాను. ఆయన్ని తిట్టనిచ్చాం.