నీలం చీటీ సీసాలు

వంటక్కను మొదట అనుమానించింది నేనే. దాచడమెందుకు?

మా ప్రయోగశాలలో నేను సీసాలు కడుగుతాను. ఆమె పదకొండేళ్ళుగా పండు ఈగలకు వండుతుంది. మొక్కజొన్న పిండి, చక్కెర, ఈస్ట్ ఉడికించి సీసాకు ఒక్క గరిటె పోస్తుంది. చలికొండల నుంచి తెచ్చిన ఈగల సీసాలకు నీలం చీటీ, వేడి మైదానాలవాటికి ఎర్ర చీటీ. గది ఒకటే, తిండీ ఒకటే. అయినా నీలం ఈగలు దుక్కల్లా ఉంటాయి, ఎర్రవి బక్కగా ఉంటాయి.

తిండి ఒకటేనట! నా చెవిలో పువ్వులేమైనా ఉన్నాయా? నీలం సీసాల దగ్గర ఆమె పెదాలు కదుపుతూ చాలాసేపు నిలబడడం కళ్ళారా చూశాను. నీలంవాటికి రెండో గరిటె పోస్తోందని వెళ్ళి ప్రయోగశాల నడిపే మేడంకు చెప్పేశాను.

మేడం వంటక్క చేతిలోంచి గరిటె లాక్కుంది. "మూడు తరాలు నేనే వండి చూస్తా. నీలం ఈగలు చిన్నవైతే నువ్విక రానక్కర్లేదు," అంది.

ఆరు వారాలు వంటక్క నా పక్కనే కూర్చుని సీసాలు కడిగింది. "ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే అక్కా. ఎవరో నా నోటికాడ కూడు లాగేశారు," అంది ఒకరోజు.

"ఏ పాపిష్టివాళ్ళో!" అన్నాను. సిగ్గులేదు నాకు. అనుమానం మాత్రం చావలేదు. ఉండబట్టలేక అడిగేశాను. "మరి ఆ నీలం సీసాల దగ్గర అంతసేపు ఏం చేసేదానివే?"

"గుడ్లు లెక్కపెట్టేదాన్ని. సీసాకి యాభై. ఎక్కువైతే తిండి చాలక ఈగలు చిన్నవవుతాయి, తక్కువైతే బలుస్తాయి. అవి పెద్దగా ఉంటున్నాయని నాకూ అనుమానమే. అందుకే రెండుసార్లు లెక్కపెట్టేదాన్ని."

ఆమె చేతిలో బ్రష్ ఆగింది. నావైపు చూసింది. నాలుక కరుచుకున్నాను, కానీ అప్పటికే ఆలస్యమైంది. ఆమె తల దించి మళ్ళీ సీసా తోమసాగింది. అరిచినా బాగుండేది.

మూడో తరం ఈగల రెక్కలు మేడం కొలిచింది. నీలంవి అలాగే పెద్దవి. "ఇది తిండి వల్ల వచ్చింది కాదు, జన్యువుల్లోనే ఉంది. చలిలో బతికి బతికి తరతరాలుగా వచ్చిన ఒళ్ళు. తప్పు నాదే, క్షమించు," అంటూ గరిటె తిరిగి ఇచ్చింది. తప్పు ఎవరిదో వంటక్కకూ నాకూ తెలుసు.

అప్పటినుంచి రోజూ పొద్దున గరిటె ముంచే ముందు వంటక్క నన్ను కేకేస్తుంది.

"అక్కా, ఇలా రా. ఒక్క గరిటే. చూసుకో."

చేతులు తుడుచుకుని వెళ్తాను. చివరి సీసా దాకా నిలబడి చూస్తాను. వద్దనడానికి నాకు ముఖం చెల్లదు.