మగ్గానికి వేలాడిన బరువులు

నా చిన్నప్పుడు అందరూ నన్ను ముద్దుగా, బొద్దుగా ఉందనేవారు. పదమూడేళ్లు వచ్చేసరికి ముద్దు అనడం మానేశారు గానీ, బొద్దు మాత్రం నన్ను వదల్లేదు. సూరత్‌లో, తెలుగు నేతగాళ్లుండే గోడాదరాలో మూడో అంతస్తు మాది. మెట్లెక్కుతుంటే నాకంటే ముందు నా ఆయాసమే ఇల్లు చేరేది.

నా బొద్దుతనంలో మా తాతయ్య చేయి కూడా ఉంది. మగ్గాల కార్ఖానా నుంచి వస్తూ రోజూ జిలేబీ, కరకరలాడే ఫాఫ్డా పొట్లం తెచ్చేవాడు. తనకు షుగర్. తాను తినలేనిది నేను తింటుంటే చూసి తృప్తిపడేవాడు. పాపం, ఆయన వాటా కూడా నేనే మోశాను!

ఆ ఏడు నా మెడ వెనక నల్లబడింది. అమ్మ మురికనుకుని శనగపిండితో రుద్దీ రుద్దీ అలసిపోయింది. మెడ మండేది, నలుపు పోయేది కాదు. చివరికి అమ్మ, తాతయ్య కలిసి దవాఖానాకు తీసుకెళ్తే, అది మురికి కాదని, బరువు ఇలాగే పెరిగితే ఈ వయసులోనే షుగర్, బీపీ వచ్చే ప్రమాదం ఉందని డాక్టరమ్మ చెప్పింది. తాతయ్య గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

నేను ఎవరికీ చెప్పకుండా తిండి మానేశాను. నా రొట్టెలు బడిలో స్నేహితురాలికి పెట్టేశాను. మూడో రోజు తాతయ్యకు రొట్టెల డబ్బా ఇవ్వడానికి కార్ఖానాకు వెళ్లి, మగ్గం పక్కనే కళ్లు తిరిగి కూలబడ్డాను.

తాతయ్య నీళ్లు తాగించి, తన రొట్టె నాకు తినిపించి, నిజం రాబట్టాడు. తిట్టలేదు. మగ్గం ఆపి, నన్ను దాని వెనక్కి తీసుకెళ్లాడు. పోగులు బిగువుగా ఉండడానికి అక్కడ నూలు చుట్టిన బీముకు ఇనుప బరువులు వేలాడుతుంటాయి. అన్నీ ఒక్కసారే తీసేశాడు. పోగులు సడలి కిందికి వాలాయి.

"ఇగ బట్ట నేస్తదా బిడ్డా?"

"నేయదు తాతా."

"మరి మస్తు బరువులేస్తే?"

"పోగులు తెగుతయ్."

"గందుకే ఒక్కోటి తీస్కుంట, పోగు మీద చెయ్యి పెట్టి చూస్కోవాలె. నువ్వేమో అన్నీ ఒక్కపారే గుంజేస్తివి. తప్పు నీది కాదే, గా బరువులు నేనే ఏలాడదీసిన."

ఆ మాటంటూనే వంగి, బరువుల్ని ఒక్కొక్కటిగా మళ్లీ తగిలించాడు.

మర్నాటి నుంచి పొట్లం రాలేదు. తెల్లవారగానే తాతయ్యే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడేవాడు. "జర నాకు తోడు రావే" అనేవాడు, నడక అవసరం తనకే అన్నట్టు. రొట్టెలు నాలుగు కాస్తా మూడయ్యాయి, కూర పెరిగింది. మెడ మీది నలుపు పలచబడటానికి ఏడాది పైనే పట్టింది. నేను మెరుపుతీగనేమీ కాలేదు, ఆ తీగకు పందిరిలాగే మిగిలాను. కానీ ఆయాసపడకుండా నిలబడ్డ పందిరిని.

మొన్న మా మనవరాలు అద్దం ముందు నిలబడి, "అమ్మమ్మా, రేపట్నుంచి ఖానా బంద్" అంది. నాకు చెప్పాలని చాలా ఉంది. కానీ బరువు గురించి పిల్లలకు కూర్చుని చెప్పడం, తాతయ్య చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డ ఆ రోజు నుంచీ నాకు చేతకాదు. ఇద్దరికీ వడ్డించాను. తిన్నాక లేచి, నా చెప్పులేసుకుని, దాని చెప్పులు కూడా నేనే వెతికి తెచ్చాను.