చెంబు పడిన చప్పుడు

నా చిన్నప్పుడు మా ఇంట్లో బేరం లేకుండా ఏ పనీ జరిగేది కాదు. రాజంపేటలో మాది పచారీ అంగడి. మా మేనమామ ఒక్కడే అంగడి వదిలి గారడీ నేర్చుకున్నాడు. కడపలో ఒక సత్రంలో గారడీవాళ్లంతా కలుస్తున్నారని తెలిసి, తీసుకుపోతేనే జడ వేయించుకుంటానని మొండికేసి ఆయన వెంట బస్సెక్కాను.

దారి పొడుగునా మామ దిగులుగానే ఉన్నాడు. ఆయనకు విద్య నేర్పిన పెద్దాయనకు కుడిచెయ్యి వణుకుతోందట. "ఈసారికి ఆట వద్దు సామీ అని చెప్పినా, వినల్లే" అన్నాడు.

ఉదయమంతా ఉపన్యాసాలు. ఎక్కడ ఏ చప్పుడైనా మన చూపు ఎదుటివాడి చేతి మీద నుంచి కదలకూడదని, కదిలితే మనమూ మామూలు జనమేనని కర్నూలు నుంచి వచ్చిన ఒకాయన చెప్పాడు. తూకం వేసేవాడి గురించి మా నాయన చెప్పేదీ అదే.

భోజనాల దగ్గర ఒక బళ్లారి ఆయనకు రెండు శెనక్కాయ ఉండలిచ్చి, బదులుగా ఒక గుట్టు చెప్పమన్నాను. రెండూ తినేసి, "ఉండలు యాడికి పోయినాయో కనుక్కో పాపా, అదే గుట్టు" అన్నాడు. అంగడోళ్ల బిడ్డను, అట్లా మోసపోయాను.

మధ్యాహ్నం పెద్దాయన లేచాడు. మూడు ఇత్తడి గిన్నెలు, వాటి కింద మాయమయ్యే చిన్న గుడ్డ బంతి. రెండో గిన్నె ఎత్తుతుండగా వేళ్లు వణికి, అరచేతిలో దాచిన బంతి బల్ల మీదికి జారింది. వెంటనే వెనక వరసలో మామ చేతిలోని నీళ్ల చెంబు ఖంగున నేల మీద పడింది.

గారడీవాళ్లందరూ తలలు వెనక్కి తిప్పారు. ఉపన్యాసం చెప్పిన కర్నూలు ఆయన అందరికంటే ముందు తిప్పాడు.

"ఏమప్పా, చెంబు పట్టుకునేకి గూడా చేతగాదా? నువ్వేం గారడీవాడివి!" అని బళ్లారి ఆయన గద్దించాడు.

"చేతులు తడిగా ఉండాయి సామీ" అంటూ మామ నీళ్లు తుడిచాడు, తుడుస్తూనే ఉన్నాడు. ఎవరూ ముందుకు తిరగలేదు.

నేనొక్కదాన్నే తల తిప్పలేదు. పెద్దాయన బంతిని పట్టుకోలేక, బల్ల అంచుదాకా తోసుకుంటూ పోయి ఎడమ చేతిలోకి జార్చుకోవడం చూశాను. ఆయన తలెత్తి నన్ను చూశాడు. అప్పుడు నేనూ వెనక్కి తిరిగాను.

ఆట ముగిశాక చప్పట్లు చాలాసేపు మోగాయి. సాయంత్రం పెద్దాయన గిన్నెలను గుడ్డలో మూటగట్టి మామ చేతిలో పెట్టాడు. "చెంబు ఇంకొంచెం ముందుగా పడాల్సుండె నాయనా. నేను నేర్పింది అప్పుడే మరిచినావా?" అన్నాడు నవ్వుతూ. తిరుగు బస్సులో మామ ఏడుస్తుంటే నేను కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను.

పెద్దాయన మళ్లీ గిన్నెలు ముట్టలేదు.

ఈ వయసులోనూ బేరమాడేటప్పుడు ఎదుటివాడి చేతి మీద నుంచి నా చూపు కదలదు. కోడళ్లు నవ్వుకుంటారు. కానీ ఎవరైనా చేతకాక తడబడుతుంటే మాత్రం, అవతల ఎవరో పిలిచినట్టు తల తిప్పేస్తాను. వాళ్లు సర్దుకున్నారో లేదో చూడకుండా తెలుసుకునే విద్య నాకు ఇప్పటికీ పట్టుబడలేదు. అందుకే కొంచెం ఎక్కువసేపే అటు చూస్తూ ఉంటాను.