ఇరవై అడుగులకో నాచు

విల్ఫ్ ఒల్లెరెన్‌షా కొండెక్కుతూ ఇరవై అడుగులకోసారి ఆగి, మోకాళ్ళ మీద కూలబడి, నాచును భూతద్దంలో చూడనిదే ముందుకు కదలడు. సాక్షాత్తూ దేవుడే దిగివచ్చి రమ్మన్నా "ఒక్క నిమిషం, ఇదేదో కొత్తరకంలా ఉంది" అనే రకం.

డెర్బీషైర్ కొండల మీద మూర్ అని పిలిచే ఆ చిత్తడి బీడు బతకాలంటే, దాని కింద నాచు కుళ్ళి పేరుకున్న పీట్ నేల ఎండిపోకూడదు. అందుకని నెలకోసారి వాలంటీర్లు పైకెక్కి, నేలలో పాతిన పన్నెండు గొట్టాల్లో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో కొలిచి రాసుకొచ్చేవారు. రెండు గంటల పని. విల్ఫ్ ఉంటే మాత్రం రెండు పూటల తిండి వెంట కట్టుకోవలసిందే.

"నిరుడు చూసిన నాచే కదా అది?" అనేది జట్టు పెద్ద బ్రెండా, వానలో నిలబడి పళ్ళు నూరుతూ.

"అదే. నిరుటి మీద కాస్త ఒళ్ళు చేసింది."

"నువ్వూ చేశావు. లే ఇక."

ఒకసారి ఆవిడ భూతద్దం లాక్కుని జేబులో వేసుకుంది. "అద్దం లేకపోతే మరీ దగ్గరికెళ్ళి చూడాలి మరి" అంటూ విల్ఫ్ బోర్లా పడుకున్నాడు. రెండో గొట్టం చేరకముందే బ్రెండా అద్దం తిరిగి ఇచ్చేసింది.

జట్టులోనే ఉన్న ఎనిడ్ మాత్రం అతన్ని పల్లెత్తు మాట అనేది కాదు. ముప్పై ఏళ్ళు ఆటల టీచరుగా బడిపిల్లల చేత పరుగులు తీయించిన మనిషి. రెండేళ్ళ కిందట న్యుమోనియా వచ్చి ఊపిరితిత్తుల్లో సత్తువంతా పట్టుకుపోయింది. సంగతి బయటపడితే "ఇంట్లో కూర్చుని లెక్కలు కంప్యూటర్లో ఎక్కించమ్మా" అంటారని ఆమె భయం. విల్ఫ్ వంగినప్పుడల్లా గుట్టుగా ఊపిరి తీసుకునేది. అతని పిచ్చి తన అదృష్టమనుకునేది.

మే నెలలో ఒకరోజు ఆమె ఎక్కిన బస్సు ఆలస్యమైంది. "మీరు పదండి, నేను వెనకాలే వస్తాను" అని ఫోన్ చేసింది. కొండ కింద గేటు దగ్గర దిగి తలెత్తి చూస్తే, డెబ్బై రెండేళ్ళ విల్ఫ్ మేకపోతులా ఎక్కిపోతున్నాడు. నాచును తొక్కుకుంటూ మరీ పోతున్నాడు. వెనక నుంచి బ్రెండా రొప్పుతూ, "ఆగవయ్యా బాబూ, నీకేమైందివాళ?" అంటోంది.

ఎనిడ్ గేటు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాచంటే అతనికి ప్రేమ ఉంటే ఉండవచ్చు. ఆ ఇరవై అడుగుల లెక్క మాత్రం నాచుది కాదు, తన ఊపిరిది.

"విల్ఫ్" అని పిలిచింది.

అతను వెనక్కి తిరిగాడు. ఆమెను చూశాడు. మరుక్షణం మోకాళ్ళ మీద ఉన్నాడు.

ఎనిడ్ ఆగి ఆగి ఎక్కి, చాలాసేపటికి అతని దగ్గరికి చేరింది. అతను తల ఎత్తలేదు.

"ఏం దొరికింది?"

"చాలా అపురూపమైనది. తొందరపెట్టకు."

ఆమె వంగి చూసింది. భూతద్దం కింద ఉన్నది గొర్రె పెంటిక.

"నిజమే," అంటూ ఎనిడ్ అతని పక్కనే చతికిలబడింది. "ఇలాంటిది నేనెక్కడా చూడలేదు. తీరిగ్గా చూడు."