కోర్టు సందులో నేను బాగుచేసిన కంప్యూటర్

నాకు ఫోన్ల పిచ్చి. జేబులో ఎప్పుడూ రెండుంటాయి. ఒకటి కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంటుంది. రెండోదాంట్లో సిస్టమ్ మొత్తం తీసేసి నాకు నచ్చింది ఎక్కించుకున్నాను. రోజూ జగ్గయ్యపేటలో బస్సెక్కి నందిగామ వెళ్తాను. పక్క సీట్లో ఎవరు కూర్చున్నా వాళ్ల ఫోన్ వైపు చూసి, "దీనికి అప్‌డేట్లు వస్తున్నాయా అండీ?" అని మొదలుపెట్టేవాణ్ణి. చిల్లకల్లు వచ్చేసరికి ఆ ఫోన్ ఎందుకు పనికిరాదో వాళ్లకు చెప్పేసేవాణ్ణి.

నందిగామలో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్తాను. ఫోన్ల గురించి, ఆపరేటింగ్ సిస్టమ్‌ల గురించి తెలుగులో రాసే పేజీ కూడా ఒకటి నడుపుతున్నాను. అప్పట్లో నా అభిప్రాయాలు చాలా గట్టిగా ఉండేవి. పాత సిస్టమ్ వాడటమంటే తలుపుల్లేని ఇంట్లో పడుకోవడమే అని రాసేవాణ్ణి. ఉచితంగా లినక్స్ సిస్టమ్ దొరుకుతుంటే ఇంకా పాతదాన్ని పట్టుకుని వేలాడటం బద్ధకమని రాసేవాణ్ణి. నేను రాసినవాటిలో ఇప్పటికీ చాలావరకు తప్పులేదు. అందుకే ఈ సంగతి చెప్పుకోవడం ఇంకా కష్టంగా ఉంది.

కోర్టు ఎదురు సందులో ఒకావిడ టైపింగ్ సెంటర్ ఉంది. ఆవిడకు యాభై అయిదేళ్లుంటాయి. భర్త లారీ డ్రైవరు. పెళ్లికి ముందే టైపు ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగు లోయర్, హయ్యర్ పరీక్షలు పాసయ్యారట. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాక, ఆ మిషను మీద అక్షరాలు ఎక్కడెక్కడ ఉండేవో అక్కడే ఉండే తెలుగు సాఫ్ట్‌వేర్ ఒకటి కొనుక్కున్నారు. దావాలు, అఫిడవిట్లు, అద్దె కాగితాలు, అన్నీ అందులోనే. ఒకసారి నేను అద్దె కాగితం రాయించుకోవడానికి వెళ్లాను. ఆవిడ కళ్లు నా చిత్తుకాగితం మీదే ఉన్నాయి, వేళ్లు మాత్రం కీబోర్డు మీద పరిగెత్తుతున్నాయి. తల ఒక్కసారి కూడా దించలేదు.

నేను కంప్యూటర్ మాస్టారినని తెలిసి ఆవిడే అడిగారు. "సార్, ఈ మధ్య బాగా స్లో అయిపోయిందండి. పెన్‌డ్రైవ్ పెడితే వైరస్ అంటోంది. ఇంకోటేంటంటే, ప్లీడర్ల గుమాస్తాలు ఫోన్లోకి మాట్లాడి, ఫోనే టైపు చేసిన మేటర్ వాట్సాప్‌లో పంపుతున్నారు. దాన్ని ఇందులో పెడితే డబ్బాలు డబ్బాలుగా వస్తోంది. మళ్ళీ మొదట్నుంచీ కొట్టుకుంటున్నా."

చూస్తే, తయారుచేసినవాళ్లే పట్టించుకోవడం మానేసిన సిస్టమ్ అది. నాకు ఒళ్లు మండింది. ఫోన్లలో వచ్చే తెలుగు వేరు, ఈ పాత ఫాంట్ల తెలుగు వేరు, ప్రపంచమంతా ఒకటే పద్ధతికి వచ్చేసిందని నిలబడే ఒక క్లాసు పీకాను.

"మొత్తం మార్చేస్తానమ్మా. ఆదివారం వస్తా."

"నా ఫైళ్లన్నీ ఉంటాయి కదండీ?"

"అన్నీ ఉంటాయి. ఇంతకన్నా బాగుంటాయి."

ఆవిడ అడిగింది వైరస్ తీయమని. నేను వినిపించుకున్నది వేరు.

ఆదివారం ఉదయం తాళంచెవి నా చేతికిచ్చి ఆవిడ ఏదో పెళ్లికి వెళ్లారు. ఫైళ్లన్నీ జాగ్రత్తగా దాచాను. సీపీయూ విప్పి దుమ్ము దులిపాను. వెనకాల బొటనవేలంత నల్ల ముక్క ఒకటి గుచ్చి ఉంది. పాడైపోయిన మౌసు తాలూకుది అనుకుని పీకి చెత్తబుట్టలో వేశాను. తర్వాత పాత సిస్టమ్ తుడిచేసి లినక్స్ ఎక్కించాను. వాట్సాప్ నుంచి తెచ్చిన తెలుగు అందులో చక్కగా కనబడింది. ఆ షాపు ఫొటో తీసి, పాత కంప్యూటర్‌కు విముక్తి కలిగించానని బస్సులోనే పోస్టు రాశాను. అంతకుముందు నా రాతలకు ఎప్పుడూ రానన్ని మెచ్చుకోళ్లు వచ్చాయి.

సోమవారం ఆవిడ ఫోన్ చేశారు. పాత ఫైళ్లు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తున్నాయట. కీబోర్డు మీద అక్షరాలేవీ వాటి చోట్లలో లేవట.

"అది కొత్త పద్ధతమ్మా. వారంలో అలవాటైపోతుంది," అన్నాను. అక్షరాల పటం ప్రింటు తీసి ఒక స్టూడెంటుతో పంపించాను కూడా.

తర్వాతి వారం కాలేజీ నుంచి త్వరగా బయటపడి, ఎలా సాగుతోందో చూద్దామని వెళ్లాను. నిజం చెప్పాలంటే మెచ్చుకుంటారని వెళ్లాను. ఆ రోజు వాయిదాల రోజు. చందర్లపాడు నుంచి వచ్చిన రైతు ఒకాయన బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఒక ప్లీడరు గారి గుమాస్తా ఆవిడ నెత్తిన నిలబడి ఉన్నాడు. నేను పంపిన అక్షరాల పటం గోడకు అంటించి ఉంది. ఆవిడ దానివైపు చూసి, కీబోర్డు వైపు చూసి, చూపుడు వేలితో ఒక అక్షరం నొక్కుతున్నారు. మళ్లీ పటం. మళ్లీ ఒక అక్షరం.

"గంట నుంచి ఒక్క పేజీ అవలేదు. కోర్టు లేచిపోద్ది," అన్నాడు గుమాస్తా. "నీకు వయసైపోయిందమ్మా. ఇక నీవల్ల కాదు, ఒప్పుకో."

రైతు తల దించుకున్నాడు. గుమ్మంలో ఉన్న నన్ను ఆవిడ చూశారు. నన్ను చూపించి, ఈయనే చేశాడని అనొచ్చు. అనాల్సింది కూడా. ఆవిడ మళ్లీ తెర వైపు తిరిగి, "కొత్త మిషనండి, ఇంకా చెయ్యి తిరగలేదు," అన్నారు.

నేను తప్పు నాదని ఒక్క ముక్క అంటే సరిపోయేది. గుమాస్తా కాగితాలు లాక్కుని పక్క షాపుకు వెళ్లిపోయాడు. నేను ఫోన్ వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని సందులోంచి బయటికి నడిచాను. ఆ ఫోన్ మోగలేదు. బస్సులో కూర్చున్నాక చూస్తే, నా పోస్టు కింద ఎవరో "మీలాంటివాళ్లు ఊరికొకరు ఉండాలి సార్" అని రాశారు. ఫోన్ తిప్పి ఒళ్లో పెట్టుకున్నాను. అయినా ఆ పోస్టు తీసేయలేదు.

పాత సిస్టమే మళ్లీ ఎక్కిద్దామని, ఆవిడ తెలుగు సాఫ్ట్‌వేర్ కాపీని ముందు ఇంట్లో నా కంప్యూటర్‌లో నడిపి చూశాను. అప్పుడు తెలిసింది, ఆ సాఫ్ట్‌వేర్ నడవాలంటే కంప్యూటర్ వెనక దానికి తాళంలా పనిచేసే చిన్న ముక్క గుచ్చి ఉండాలని. ఆ తాళమే నేను పారేసిన నల్ల ముక్క. ఇన్నేళ్లుగా కంప్యూటర్లు చెప్తున్నవాణ్ణి, పారేసేముందు ఇదేంటని ఆవిడకు ఒక్క ఫోన్ చేసి అడగలేదు. ఆవిడ మొహం చూడలేక ఇరవై రోజులు ఆ సందు వైపు వెళ్లలేదు.

చివరికి వెళ్లేసరికి బల్ల మీద వేరే కంప్యూటర్ ఉంది. ఆవిడ తల దించకుండా టకటకా కొడుతున్నారు. జగ్గయ్యపేటలో పెళ్లికార్డుల ప్రెస్సు మూసేస్తున్నారని ఎవరో చెబితే వెళ్లి, అదే సాఫ్ట్‌వేర్, అదే తాళం ఉన్న సీపీయూ కొన్నారట. ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చుకున్నారట. ఆ ప్రెస్సు మా ఇంటికి రెండు వీధుల అవతలే.

"ఏదైనా సెట్ చేసి పెట్టాలా అమ్మా?" అంటూ అలవాటు కొద్దీ కీబోర్డు మీదికి చెయ్యి చాపాను.

ఆవిడ మెల్లగా కీబోర్డును తన వైపు జరుపుకున్నారు. "మీరు కూర్చోండి సార్. టీ చెప్తా."

కూర్చున్నాను. టీ వచ్చేలోపు ఎలాగో చెప్పాను. "వెనకాల ఉండాల్సిన తాళం నేనే పారేశానమ్మా."

"తెలుసు సార్. సోమవారం అది కనబడక చెత్తబుట్టంతా వెతికా. అప్పటికే చెత్తబండి పట్టుకుపోయింది."

"మరి ఆ రోజు గుమాస్తాతో ఎందుకు అనలేదు?"

"నలుగురిలో ఎందుకులెండి. పిల్లలకి చదువు చెప్పేవారు మీరు."

ఆవిడ టీ గ్లాసు నా ముందుకు జరిపి, లినక్స్ ఉన్న ఆ పాత కంప్యూటర్‌లో వాట్సాప్ కాగితాలు చదువుకుంటున్నానని, అది కూడా పనికొస్తోందని, నన్ను ఊరడించడానికే అన్నారు.

ఆ సాయంత్రం పోస్టు తీసేశాను. నెల తర్వాత జరిగింది జరిగినట్టు రాశాను. చదివినవాళ్లు తక్కువే. ఒకతను మాత్రం, తప్పు మీది కాదు సార్, మారని మనుషులది అని రాశాడు. అవి ఒకప్పటి నా మాటలేనని గుర్తుపట్టాను.

గుమాస్తాను కోర్టు ఎదుట టీ కొట్టు దగ్గర పట్టుకుని, ఆ రోజు ఆలస్యమైంది ఆవిడ వయసు వల్ల కాదు, నేను చేసిన పని వల్ల అని చెప్పాను. "ఏదైతేనేంలెండి సార్," అని నవ్వి గ్లాసు పెట్టేశాడు. అతను ఇప్పటికీ పక్క షాపుకే వెళ్తున్నాడు.